చెన్నై హోమ్‌లో ఒక బిడ్డను చదివించాలంటే ఏం చూసుకోవాలి?

మీ ప్రశ్నను నాకు అర్థమైనంతలో మళ్లీ చెప్తాను. వేలచ్చేరిలో ఉంటున్నారు, భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు, నెలకు 3,000 రూపాయలు తీయగలరు. హోమ్‌లో ఉంటున్న, అమ్మానాన్నలు లేని ఒక బిడ్డ చదువు చివరిదాకా చూసుకోవాలని ఉంది. తెలుగు బిడ్డయితే మరీ మంచిదన్నారు. కార్పొరేషన్ స్కూలు మాన్పించి ప్రైవేటు ఇంగ్లీషు మీడియంలో చేర్పించవచ్చా, పండగలకు ఇంటికి తెచ్చుకోవచ్చా, అమెరికా పౌరసత్వం తీసుకున్న మీ తమ్ముడు కూడా డబ్బు కలపవచ్చా అని అడిగారు.

సూటిగా చెప్తాను. చేయండి, 3,000 తక్కువ మొత్తమేమీ కాదు. కానీ స్కూలు మార్పించకండి. అందులో సగం ఇప్పటి చదువుకు ఇవ్వండి, మిగతా సగం ఆ బిడ్డకు పద్దెనిమిదేళ్లు నిండాక అక్కరకు వచ్చేలా దాచిపెట్టండి. రిజిస్ట్రేషన్ కాగితం కళ్లతో చూడకుండా ఏ హోమ్‌కూ రూపాయి పంపకండి. ఇంటికి తెచ్చుకోవడం కుదరదు. తమ్ముడి డబ్బు విషయంలో మాత్రం చాలా జాగ్రత్తగా ఉండాలి. ఒక్కొక్కటీ వివరంగా చెప్తాను.

ముందు స్కూలు సంగతి. సాయం చేయాలనుకునేవాళ్లలో చాలామందికి మొదట తట్టేది మంచి ప్రైవేటు స్కూలే. మనసు మంచిదే, కానీ తమిళనాడులో అది బిడ్డకు నష్టం. ఆరో తరగతి నుంచి ప్లస్ టూ దాకా ప్రభుత్వ స్కూళ్లలో చదివిన పిల్లలకు ఇక్కడ 2020 నుంచి వైద్య కోర్సుల్లో, 2021 నుంచి ఇంజనీరింగ్, వ్యవసాయం, పశువైద్యం, మత్స్యశాస్త్రం, న్యాయం కోర్సుల్లో 7.5 శాతం సీట్లు విడిగా ఉన్నాయి. ఆ కోటాలో కౌన్సెలింగ్ ద్వారా సీటు వస్తే ట్యూషన్ ఫీజు, హాస్టల్ ఖర్చు ప్రభుత్వమే భరిస్తుంది. కార్పొరేషన్ స్కూళ్లు ఈ లెక్కలో ప్రభుత్వ స్కూళ్లే. ఇది కాక, ప్రభుత్వ స్కూల్లో చదివి కాలేజీలో చేరిన అమ్మాయిలకు 2022లో మొదలైన 'పుదుమై పెణ్' కింద, అబ్బాయిలకు 2024లో మొదలైన 'తమిళ్ పుదల్వన్' కింద కోర్సు పూర్తయ్యేదాకా నెలకు 1,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో పడతాయి.

ఇప్పుడు మీరు ఏడో తరగతిలో ఆ బిడ్డను ప్రైవేటు మెట్రిక్ స్కూలుకు మార్చారనుకోండి. రెండేళ్లు ఫీజు కట్టారు. తర్వాత ఉద్యోగం మారిందో, ఊరు మారిందో, కట్టలేకపోయారు. బిడ్డ మళ్లీ ప్రభుత్వ స్కూలుకే వచ్చింది. పన్నెండో తరగతి మంచి మార్కులతో పాసైనా, ఆ రెండేళ్ల వల్ల 7.5 శాతం కోటా పోయినట్టే. మీరు కట్టిన రెండేళ్ల స్కూలు ఫీజుకు బదులుగా ఆ బిడ్డ నాలుగేళ్ల ఇంజనీరింగ్ ఫీజు మాఫీ పోగొట్టుకుంది. ఇలా జరిగిందని స్పాన్సర్లకు చాలాసార్లు తెలియను కూడా తెలియదు, ఎందుకంటే అప్పటికి వాళ్లు ఆ బిడ్డ జీవితంలో ఉండరు. ఇంగ్లీషు మీడియమే కావాలంటే ప్రభుత్వ స్కూళ్లలోనే ఇంగ్లీషు మీడియం సెక్షన్లు ఉన్నాయి, అందులో వేయమని అడగండి.

ఇక్కడే ఇంకొక మెలిక ఉంది. చెన్నైలో పాత హోమ్‌లు కొన్నింటికి సొంత ఎయిడెడ్ స్కూళ్లు, అంటే ప్రభుత్వ గ్రాంటుతో నడిచే ప్రైవేటు స్కూళ్లు ఉన్నాయి, పిల్లలు అక్కడే చదువుతారు. ఎయిడెడ్ స్కూలుకు 7.5 శాతం కోటా వర్తించదు. ఎయిడెడ్‌లో తమిళ మీడియంలో చదివిన అమ్మాయిలకు పుదుమై పెణ్ తర్వాత వర్తింపజేశారు. కాబట్టి బిడ్డ చదివేది ప్రభుత్వ స్కూలా, ఎయిడెడ్డా, ఏ మీడియం అన్నది మొదటి రోజే అడిగి రాసిపెట్టుకోండి. ఐదో తరగతి అయిపోతున్న బిడ్డకైతే ఆరో తరగతి ఎక్కడ అన్నది హోమ్ వాళ్లతో కూర్చుని మాట్లాడాల్సిన విషయం. ఆ ఒక్క నిర్ణయం మీద తర్వాతి పదేళ్ల ఖర్చు ఆధారపడి ఉంటుంది.

హోమ్‌ను ఎలా చూడాలి. బాలల న్యాయ చట్టం 2015లోని 41వ సెక్షన్ కింద ప్రతి హోమ్ రిజిస్టర్ కావాలి. ప్రభుత్వానిదైనా, ట్రస్టుదైనా, మిషన్‌దైనా, ఆశ్రమమైనా అంతే. రిజిస్ట్రేషన్ గడువు ఐదేళ్లు, తర్వాత రెన్యువల్ చేయించుకోవాలి. ఫ్రేము కట్టి గోడకు వేలాడదీసిన సర్టిఫికెట్ చూసి సంతృప్తి పడకండి, దాని మీద తేదీ చూడండి, ఎంతమంది పిల్లలకు అనుమతి ఇచ్చారో చూడండి. అనుమతి 30 మందికి ఉండి మంచాలు 50 కనిపిస్తే కారణం అడగండి. రిజిస్ట్రేషన్ లేకుండా నడిపితే 42వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు గానీ, లక్షకు తగ్గని జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు.

ఇంకో సర్టిఫికెట్ చూపించి ఇదే రిజిస్ట్రేషన్ అనేవాళ్లు కూడా ఉంటారు. తమిళనాడులో మహిళలు, పిల్లల హాస్టళ్లు, హోమ్‌ల నియంత్రణకు 2014లో వచ్చిన చట్టం ఒకటి ఉంది. వర్కింగ్ ఉమెన్స్ హాస్టల్ లాంటివి దాని కింద లైసెన్సు తీసుకుంటాయి. అమ్మానాన్నలు లేని పిల్లలను పెట్టుకోవడానికి ఆ లైసెన్సు సరిపోదు, 2015 చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. ఇంత పట్టుగా ఎందుకు చెప్తున్నానంటే, మహాబలిపురం వైపు ఉన్న అనాథాశ్రమాల్లో పిల్లల మీద జరిగిన అఘాయిత్యాల గురించి 2007లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన కేసే పదేళ్ల తర్వాత, 2017 మే 5న, దేశంలోని హోమ్‌లన్నీ రిజిస్టర్ కావాలి, ప్రతి బిడ్డకూ వ్యక్తిగత సంరక్షణ ప్రణాళిక ఉండాలి, సోషల్ ఆడిట్ జరగాలి అన్న తీర్పుగా వచ్చింది. మన ఈసీఆర్, అంటే ఈస్ట్ కోస్ట్ రోడ్డు పక్కన జరిగిన దారుణం నుంచి పుట్టిన తీర్పు అది.

కాగితం నిజమో కాదో సరిచూసుకోవడానికి జిల్లా బాలల సంరక్షణ యూనిట్, అంటే డీసీపీయూకి వెళ్లాలి. అడ్రసులో చెన్నై అని ఉన్నంత మాత్రాన చెన్నై డీసీపీయూ అనుకోకండి. తాంబరం చెంగల్పట్టు జిల్లాలోకి, ఆవడి, తిరువేర్కాడు, పూందమల్లి తిరువళ్లూరు జిల్లాలోకి, శ్రీపెరుంబుదూరు కాంచీపురం జిల్లాలోకి వస్తాయి. తప్పు ఆఫీసుకు వెళ్లి "మా జాబితాలో లేదు" అన్న మాట విని మంచి హోమ్‌ను అనుమానించినవాళ్లూ ఉన్నారు.

ఆ తర్వాత హోమ్‌కు స్వయంగా వెళ్లండి. ఆదివారం పొద్దున కాదు, అప్పుడు ఎవరో ఒకరు పుట్టినరోజు భోజనం పెడుతుంటారు, అంతా కళకళలాడుతూ ఉంటుంది. మామూలు రోజు సాయంత్రం ఆరున్నరకు వెళ్లండి, ముందే ఫోన్ చేసి అనుమతి తీసుకుని. ఆ సమయంలో స్టడీ హాలు ఎలా ఉందో చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. నిబంధనల ప్రకారం పడక గదిలో ఒక్కో బిడ్డకు 40 చదరపు అడుగులు ఉండాలి, అంటే వెయ్యి అడుగుల హాలుకు 25 మంది. పిల్లల కమిటీ ఉందా, సలహాల పెట్టె ఉందా, దాన్ని ఎవరు తెరుస్తారు అని అడగండి.

అన్నిటికన్నా పనికొచ్చే ప్రశ్న ఇది: "పోయిన మూడేళ్లలో ఇక్కడి నుంచి పద్దెనిమిది దాటి వెళ్లినవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారు?" మంచి హోమ్ వార్డెన్ వెంటనే చెప్పుకుంటూ పోతారు. ఒకమ్మాయి నర్సింగ్ మూడో ఏడు, ఒకబ్బాయి అంబత్తూరు ఎస్టేట్‌లో పని, ఒకడు జాడ తెలియడం లేదు అని. జాడ తెలియనివాడి గురించి కూడా చెప్పే హోమ్‌ను నేను నమ్ముతాను. "అందరూ బాగా సెటిలయ్యారండీ" అని ఊరుకుంటే వాళ్ల దగ్గర లెక్క లేదన్నమాట.

లేచి వచ్చేయాల్సిన సందర్భాలు కూడా చెప్తాను. పిల్లల ఫోటోల ఆల్బమ్ ముందు పెట్టి "ఎవరిని స్పాన్సర్ చేస్తారు?" అంటే వచ్చేయండి. "మేమే ఊళ్లకు వెళ్లి పేద పిల్లలను తెచ్చుకుంటాం" అంటే వచ్చేయండి, ఎందుకంటే బిడ్డ హోమ్‌లోకి రావాల్సింది బాలల సంక్షేమ కమిటీ, అంటే సీడబ్ల్యూసీ ఆర్డరు మీద. డబ్బు ట్రస్టు ఖాతాకు కాకుండా ఎవరో ఒక వ్యక్తి యూపీఐకి పంపమంటే మరీ ముఖ్యంగా వచ్చేయండి. పిల్లలను కొడుతున్నారనో, అంతకన్నా ఘోరమైనదేదో జరుగుతుందనో అనుమానం వస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

ఒక్క బిడ్డ పేరుతోనా, అందరికీ కలిపా? మీకు ఒక్క బిడ్డ మీదే మనసు ఉంది, అర్థమైంది. అయినా నా సలహా, డబ్బును ఒక పేరుకు ముడి వేయకండి. హోమ్‌లో బిడ్డ శాశ్వతంగా ఉండదు, ఉండకూడదు కూడా. మేనత్త వచ్చి తీసుకెళ్లవచ్చు, సొంత జిల్లా హోమ్‌కు బదిలీ కావచ్చు, చిన్న బిడ్డయితే దత్తత వెళ్లవచ్చు. ఆ రోజు స్పాన్సర్ "నా బిడ్డ వెళ్లిపోయింది" అని సాయం ఆపేస్తే, దాన్ని నమ్ముకుని పెట్టుకున్న ట్యూషన్ టీచరు మానేస్తారు. ఇంకొకటి, నలభై మంది ఉన్న చోట ఒక్కరికే కొత్త బ్యాగు, కొత్త వాచీ వస్తే మిగతా ముప్పై తొమ్మిది మంది చూస్తూ ఉంటారు. ఆ బ్యాగు రెండో రోజుకే పోతుంది, గొడవ అవుతుంది, ఆ గొడవలో బిడ్డ ఒంటరిదవుతుంది.

అందుకని తొమ్మిదో తరగతి నుంచి ప్లస్ టూ దాకా ఉన్న పిల్లల గుంపుకు సాయం చేయండి, వాళ్లలో ఒక బిడ్డ చదువు వివరాలు ఆరునెలలకొకసారి మీకు తెలియజేయమని అడగండి. ఆ బిడ్డ బంధువుల ఇంటికి వెళ్తే, అక్కడికీ సాయం వెళ్లేలా డీసీపీయూ ద్వారా ఏర్పాటు చేయమని ముందే చెప్పి పెట్టండి.

3,000లో మొదటి 1,500 ఎలా ఖర్చు కావాలి. ప్రభుత్వ స్కూలు బిడ్డకు పుస్తకాలు, యూనిఫారం, బ్యాగు, మధ్యాహ్న భోజనం, బస్ పాసు ప్రభుత్వమే ఇస్తుంది. అందుకే జూన్‌లో నోటుపుస్తకాల కట్టలు మోసుకెళ్లే స్పాన్సర్ల వల్ల ఒరిగేది తక్కువ, హోమ్ బీరువాలో పాత కట్టలు ఇంకా అలాగే ఉంటాయి. లేనిది మనిషి. పక్కన కూర్చుని చదివించే మనిషి.

స్టడీ హాల్లో ఎనిమిదో తరగతి అబ్బాయి పక్కన కూర్చుని 503లో నుంచి 278 తీసేయమనండి. చాలామంది 3లో నుంచి 8 పోదు కాబట్టి 8లో నుంచి 3 తీసేసి 5 వేస్తారు. సున్నా దగ్గరా అంతే, 7 వేస్తారు. చివరికి 375 అని రాస్తారు. అదే అబ్బాయి నోటుపుస్తకంలో బీజగణితం లెక్కలు ముత్యాల్లాంటి చేతిరాతతో ఉంటాయి, గైడు చూసి ఎక్కించినవి. ఎనిమిది దాకా ఎవరినీ ఫెయిల్ చేయరు కాబట్టి ఈ లోటు తొమ్మిదిలోనో పదిలోనో బయటపడుతుంది. అమ్మానాన్నలు పోయిన ఏడాది, హోమ్‌కు వచ్చిన ఏడాది చాలామందికి చదువులో ఒక గొయ్యిలా మిగిలిపోతుంది. మూడో తరగతిలో ఆగిన లెక్క దగ్గరికి వెళ్లి అక్కడి నుంచి మొదలుపెట్టే టీచరు కావాలి. ఎనిమిది నుంచి పది మంది పిల్లలకు ఒక టీచరు, రోజుకు రెండు గంటలు, వారానికి ఐదు రోజులు. మీలాంటివాళ్లు నలుగురు తలా 1,500 వేస్తే నెలకు 6,000 అవుతుంది. శివారు ప్రాంతాల్లో బీఈడీ చదువుతున్నవాళ్లో, రిటైరైన టీచర్లో ఆ మొత్తానికి సాధారణంగా ఒప్పుకుంటారు. నలభై మందికి ఒక్క టీచర్ని పెట్టి "ట్యూషన్ ఉంది" అని చెప్పడం మాత్రం అల్లరి చేయకుండా కూర్చోబెట్టడానికే పనికొస్తుంది.

పరీక్షకు తయారుచేసి, కూర్చోబెట్టి, పాస్ చేయించడమే అసలైన సాయమని మద్రాసు తెలుగువాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. 1937లో దుర్గాబాయి గారు ఈ ఊళ్లోనే ఆంధ్ర మహిళా సభ పెట్టి, చదువు ఆగిపోయిన ఆడవాళ్లను బెనారస్ మెట్రిక్ పరీక్షకు పంపారు.

తర్వాతి ఖర్చు కళ్లు. ప్రతి జూన్‌లో అందరికీ కంటి పరీక్ష చేయించండి. బోర్డు కనపడక వెనకబడిన బిడ్డకు "మొద్దు" అన్న పేరు పడిపోతుంది. కళ్లజోడు ఒకటి కాదు, రెండు చేయించండి. హోమ్‌లో కళ్లజోడు విరగడం ఖాయం, విరిగాక రెండోది రావడానికి నెలలు పడుతుంది.

కాగితాలు. దీనికి డబ్బు పెద్దగా అక్కర్లేదు, వెంటపడే మనిషి కావాలి. మీరు ఉద్యోగస్తులు, కాగితాల పని తెలిసినవాళ్లు. ఇక్కడ మీ సమయం మీ డబ్బు కన్నా విలువైనది.

పుట్టిన తేదీ నాలుగు చోట్ల నాలుగు రకాలుగా ఉండటం హోమ్ పిల్లల్లో మామూలు. ఆసుపత్రి కాగితంలో ఒకటి, ఆధార్‌లో ఒకటి, స్కూల్లో ఒకటి, సీడబ్ల్యూసీ ఆర్డరులో ఒకటి. పదో తరగతి పరీక్షకు పేర్ల జాబితా, స్కూలు వాళ్లు నామినల్ రోల్ అంటారు, అది వెళ్లేలోగా సరిచేయించాలి. మార్కుల షీటు మీద తప్పు పేరో తేదీయో అచ్చయ్యాక దాన్ని మార్పించడం ఎంత కష్టమో చెప్పలేను. కాబట్టి తొమ్మిదో తరగతిలోనే పని మొదలుపెట్టండి. ఆధార్‌లో వేలిముద్రలు ఐదేళ్ల వయసులో ఒకసారి, పదిహేనేళ్ల వయసులో ఒకసారి తప్పనిసరిగా కొత్తగా ఇవ్వాలి. పదిహేనులో మర్చిపోతే స్కాలర్‌షిప్ డబ్బు పడే సమయంలో ఇబ్బంది వస్తుంది. ఇక్కడి స్కూళ్లలో ప్రతి బిడ్డకూ ఈఎంఐఎస్ నంబరు, అంటే విద్యాశాఖ రికార్డు నంబరు ఉంటుంది, బడి మారినా అదే నంబరు ఉండాలి. కొత్త నంబరు తీస్తే పాత బళ్లో చదివిన సంవత్సరాలు రికార్డులో కనపడవు. ఆరు నుంచి ప్లస్ టూ దాకా ప్రభుత్వ స్కూలే అని నిరూపించాల్సిన రోజు అది గొంతులో ముల్లవుతుంది.

కులం సర్టిఫికెట్ గురించి చాలా హోమ్‌లకు కూడా తెలియని విషయం ఒకటుంది. తమిళనాడు వెనుకబడిన తరగతుల జాబితాలో అనాథ పిల్లలకు చోటుంది. పదేళ్లలోపు అమ్మానాన్నలను పోగొట్టుకుని, చూసుకునే దిక్కు లేక, ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న హోమ్‌లోనో స్కూల్లోనో చేరిన పిల్లలను బీసీగా చూస్తారు. కులం తెలియని బిడ్డకు ఇదే దారి. కానీ పదేళ్లలోపు అన్నది నిరూపించాలి కాబట్టి తల్లిదండ్రుల మరణ ధ్రువీకరణ పత్రాలు, హోమ్‌లో చేరిన తేదీ ఉన్న సీడబ్ల్యూసీ ఆర్డరు ఫైల్లో ఉండాలి. మరణ పత్రం తీయడానికి ఊరి పంచాయతీ దాకా వెళ్లే మనిషి లేక ఆగిపోయిన ఫైళ్లు చాలా ఉంటాయి.

ఇక మిగతా సగం, దాచే 1,500. తొమ్మిదో తరగతి మొదటి నెల నుంచి ప్లస్ టూ చివరిదాకా 48 నెలలు. నెలకు 1,500 చొప్పున 72,000, వడ్డీ అదనం. ఈ డబ్బు ఎందుకో చెప్తాను.

బాలల న్యాయ చట్టప్రకారం పద్దెనిమిది నిండితే హోమ్ నుంచి వెళ్లాలి. 46వ సెక్షన్ కింద 21 ఏళ్ల దాకా ఆఫ్టర్‌కేర్, అంటే హోమ్ దాటాక ఇచ్చే సాయం ఉంది, కేంద్ర ప్రభుత్వ మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయలు ఇవ్వవచ్చు. అయితే దానికి దరఖాస్తు, పరిశీలన, మంజూరు అన్నీ ఉంటాయి, మొదటి వాయిదా చేతికొచ్చేసరికి కాలేజీ మొదలైపోతుంది. పుట్టినరోజు నవంబరులో వస్తే ప్లస్ టూ మధ్యలోనే పద్దెనిమిది నిండుతుంది. పరీక్షలయ్యేదాకా ఉంచమని సీడబ్ల్యూసీకి ముందే రాయించుకోవాలి.

ఫీజు మాఫీ వచ్చింది, హాస్టల్ వచ్చింది అనుకుందాం. అయినా కాలేజీలో చేరే వారంలోనే డబ్బు కావాలి. బకెట్, పరుపు, దుప్పటి దగ్గర నుంచి షూ, ల్యాబ్ కోటు, ఫోన్ దాకా. ఆ మొదటి వారంలో చేతిలో 15,000 లేక, సీటు వచ్చి కూడా చేరని పిల్లలు ఉన్నారు. ఆ తర్వాత ఎవరూ ఊహించని ఖర్చు, సెలవులు. దీపావళికి, పొంగల్‌కు, ఎండాకాలానికి కాలేజీ హాస్టల్ మూసేస్తారు. అందరూ పెట్టె సర్దుకుని ఊరికి వెళ్తారు. ఈ బిడ్డ ఎక్కడికి వెళ్లాలి? పద్దెనిమిది దాటినవాళ్లను చిన్నపిల్లలతో కలిపి హోమ్‌లో ఉంచకూడదు. కొందరు స్నేహితుల ఇళ్లల్లో మొహమాటపడుతూ ఉంటారు, కొందరు దూరపు బంధువు ఇంటికి వెళ్లి చదువు మానేసి పనికి కుదిరిపోతారు, అమ్మాయిలైతే తొందరపాటు పెళ్లిలో పడతారు. సంవత్సరంలో రెండు మూడు నెలలకు వర్కింగ్ హాస్టల్లో ఒక మంచం అద్దె మీరు కట్టగలిగితే ఆ చదువు నిలబడుతుంది. బిడ్డ చదువు మానేసేది సెమిస్టరులో కాదు, సెలవుల్లో.

ఈ డబ్బు ఎవరి పేరుతో ఉండాలి అన్నది నన్ను చాలామంది అడుగుతారు. బిడ్డ పేరుతో డిపాజిట్ వేస్తే, పద్దెనిమిది నిండే నెలకు ఇన్నాళ్లూ కనపడని బంధువులు ప్రత్యక్షమవుతారు. హోమ్ ఖాతాలో ఉంచితే, విడిగా ఆఫ్టర్‌కేర్ నిధి అని ఆడిట్ లెక్కల్లో చూపించే సంస్థల్లో తప్ప, కూరగాయల బిల్లులో కలిసిపోతుంది. నా అభిప్రాయంలో మీ పేరుతోనే విడిగా ఒక రికరింగ్ డిపాజిట్ తెరవండి, నామినీగా మీ ఆవిడను పెట్టండి, ఇది ఎందుకోసమో ఒక కాగితం మీద రాసి హోమ్‌కు ఒక కాపీ ఇవ్వండి. బిడ్డకు మొత్తం ఎంతని చెప్పనక్కర్లేదు, "కాలేజీకి మేమున్నాం" అని హోమ్ కౌన్సెలర్ చెబితే చాలు. ఆ మాట పదో తరగతిలోనే తెలిస్తే చదివే తీరు మారుతుంది. మాట ఇచ్చాక మాత్రం తప్పకూడదు. ఇప్పటికే ఒకసారి అందరూ వదిలేసిన పిల్లలు వాళ్లు.

అందరూ ఇంజనీరింగే చదవాలని లేదు. పది తర్వాత పాలిటెక్నిక్‌లో చేరితే మూడేళ్ల డిప్లొమా పద్దెనిమిది, పందొమ్మిదేళ్లకు పూర్తవుతుంది, హోమ్ నుంచి బయటికి వచ్చేసరికి చేతిలో పని ఉంటుంది, ఇష్టముంటే ఇంజనీరింగ్ రెండో ఏడులో చేరవచ్చు. లెక్కల్లో వెనకబడి చేతిపని మీద ఆసక్తి ఉన్న బిడ్డను ప్లస్ టూలో కూర్చోబెట్టి రెండేళ్లు బాధపెట్టకండి.

తెలుగు బిడ్డ కావాలన్నారు. భాష చూసి బిడ్డను ఎంచుకోవడం కుదరదు, మంచిది కూడా కాదు. కానీ మీ తెలుగు అక్కరకొచ్చే చోటు ఉంది. సెంట్రల్ స్టేషన్‌లో దొరికిన పిల్లల్లో, కట్టడం పనులకు వచ్చిన కుటుంబాల పిల్లల్లో నెల్లూరు, చిత్తూరు వైపు వాళ్లు ఉంటారు. అలాంటి బిడ్డను సీడబ్ల్యూసీ విచారించి బాలల న్యాయ చట్టం 95వ సెక్షన్ కింద సొంత జిల్లాకు పంపవచ్చు. అక్కడ నాయనమ్మతో మాట్లాడటానికి, ఊరి పేరు సరిగ్గా కనుక్కోవడానికి తెలుగు తెలిసిన మనిషి కావాలి, డీసీపీయూలో మీ పేరు ఇచ్చి పెట్టండి. ఇక్కడే ఉండే తెలుగు బిడ్డకైతే తమిళం నేర్పించడమే మొదటి సాయం, ఎందుకంటే పదో తరగతిలో తమిళం తప్పనిసరి. ఆంధ్రా నుంచి టీసీ రాలేదని ఎనిమిదిలోపు బిడ్డను స్కూలు వెనక్కి పంపితే, విద్యాహక్కు చట్టం 2009 ప్రకారం టీసీ ఆలస్యమైనా, వయసు పత్రం లేకపోయినా చేర్చుకోవాల్సిందేనని హెడ్మాస్టరుకు మర్యాదగా చెప్పండి.

ఇంటికి తెచ్చుకోవడం ఎందుకు కుదరదంటే, బిడ్డ సీడబ్ల్యూసీ ఆర్డరు మీద ఆ హోమ్ సంరక్షణలో ఉంది, వార్డెన్‌కు బయటివాళ్లతో పంపే అధికారం లేదు. పంపే వార్డెన్ మీతో పంపినట్టే ఇంకొకరితోనూ పంపుతారు, అది గుర్తుంచుకోండి. నిజంగా ఇంట్లో చోటివ్వాలనుకుంటే బాలల న్యాయ చట్టం 44వ సెక్షన్ కింద ఫోస్టర్ కేర్, అంటే దత్తత కాకుండా కొంతకాలం ఇంట్లో పెంచుకోవడం ఉంది, దత్తతకు కేంద్ర దత్తత సంస్థ కారా ఉంది, రెండూ వేరే దారులు, రెండింటికీ మీ ఇంటి పరిశీలన ఉంటుంది. చదివించినందుకు దత్తతలో ప్రాధాన్యం ఏమీ రాదు. కలవాలంటే హోమ్‌లోనే, సిబ్బంది ఉన్నచోట కలవండి. విడిగా ఫోన్, విడిగా డబ్బు ఇవ్వకండి. ఫోటో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టడం 74వ సెక్షన్ కింద నేరం, ఆరు నెలల జైలు గానీ, రెండు లక్షల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు.

పన్ను, తమ్ముడి డబ్బు. సంస్థకు 80జీ, అంటే విరాళాలకు ఆదాయపు పన్ను మినహాయింపు గుర్తింపు ఉంటే ఇచ్చినదాంట్లో సాధారణంగా సగానికి మినహాయింపు, అదీ పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే. నగదు 2,000 దాటితే లెక్కలోకి రాదు, బియ్యం, బట్టలు ఇస్తే అసలే రాదు. మీ పేరుతో దాచుకునే రికరింగ్ డిపాజిట్‌కూ రాదు. తమ్ముడు భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై అయితే సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపవచ్చు. అమెరికా పౌరుడు కాబట్టి, ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళం. ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్, అంటే విదేశీ విరాళాలు తీసుకునే అనుమతి ఉన్న సంస్థ మాత్రమే, ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలోని ప్రత్యేక ఖాతాలో తీసుకోవాలి. "నాకు పంపు, నేను ఇస్తాను" అనుకోవద్దు, మీ చేతి మీదుగా వెళ్లినా చట్టం దృష్టిలో అది విదేశీ విరాళమే. ఇరుక్కునేది ఆ హోమ్.

ఇంకొక్క మాట. హోమ్‌లో ఉన్న పిల్లలందరూ అమ్మానాన్నలు ఇద్దరూ లేనివాళ్లు కారు. చాలామందికి తల్లి ఉంటుంది, ఇళ్లల్లో పని చేసుకుంటూ, చదువు చెప్పించలేక చేర్చిన తల్లి. అలాంటి బిడ్డ విషయంలో హోమ్‌లో చదివించడం కన్నా ఇంట్లో ఉంచి చదివించడం మేలు, చట్టం కూడా హోమ్‌ను ఆఖరి దారిగానే చూస్తుంది. మిషన్ వాత్సల్య స్పాన్సర్‌షిప్ అందుకోసమే. ఏడాది ఆదాయం పల్లెల్లో 72,000, పట్టణాల్లో 96,000 దాటని కుటుంబానికి బిడ్డ పేరున నెలకు 4,000 వస్తుంది. మీరు చూసిన బిడ్డకు తల్లో నాయనమ్మో ఉన్నారని తెలిస్తే, మీ 3,000 హోమ్‌కు ఇచ్చేముందు ఆ దరఖాస్తు వేశారా అని అడగండి.

మొదలుపెట్టడానికి జూన్ దాకా ఆగకండి. స్కూళ్లు తెరిచే నెలలో హోమ్ వాళ్లకు ఊపిరాడదు. డిసెంబరులోనో జనవరిలోనో వెళ్తే తొమ్మిదో తరగతి పిల్లల కాగితాలు సరిచేయడానికి, ట్యూషన్ టీచరును వెతకడానికి సమయం ఉంటుంది. ముందు డీసీపీయూకి వెళ్లి మీ దగ్గర్లో రిజిస్ట్రేషన్ గడువులో ఉన్న హోమ్‌ల పేర్లు తీసుకోండి, అందులో రెండు మూడు చూసి రండి. చూసి వచ్చాక అనుమానాలుంటే ఇక్కడే అడగండి, హోమ్ పేరు మాత్రం రాయకండి.